పాదచారి వంతు

మానవుడు తన ప్రయాణములకై ఎన్నియో సాధనములను కల్పించుకొన్నాడు. ఎద్దులబండి, గుఱ్ఱపుబండి, సైకిలు, రైలు, మోటారు, విమానము ఒకదానివెంట నొకటి వచ్చినవి. అయినను వీనిలో దేనిని ఎక్కవలెనన్నను, దిగి ఇల్లు చేరవలెనన్నను కొంతదూరము నడువక తప్పదు. బస్సు దిగిన గుమాస్తాయు, కారు దిగిన ధనవంతుడును వీథిలో అడుగిడిన క్షణమున పాదచారులే. కావున పాదచారులనగా వేఱొక తెగ మనుష్యులు కారు. ప్రతి మనుష్యుడును దినమునకు కొన్నిమారులైన పాదచారి యగుచునే యున్నాడు.

పల్లెటూరి బాటలో నడచువానికి దారి దాటుట యొక సమస్య కాదు. బండి వచ్చుచున్నచో ఎడ్ల మెడలలోని మువ్వలు దూరమునుండియే వినవచ్చును. తోలువాడు పగ్గములు బిగబట్టును. నడచువాడు ప్రక్కకు తొలగును. నగరమున అట్లు కాదు. విశాలమైన రోడ్డుమీద బస్సులు, లారీలు, ఆటోలు, మోటారు సైకిళ్లు ఎడతెగక పోవుచుండును. ఆవలి ప్రక్కనున్న పాఠశాలకో, ఆసుపత్రికో, అంగడికో పోవలసినవాడు ఈవలి అంచున నిలిచి, వఱదవచ్చిన యేటిని చూచినట్లు చూచుచుండును. ఆ యేటికి రేవు వంటిది తెల్లచారల దారి. ఆ రేవున దాటుటకు తగిన వేళ తెలుపునది కూడలిలోని సిగ్నలు దీపము. ఈ దీపము లెవరికొఱకు వెలుగుచున్నవి? వాహనములకొఱకే యని చాలమంది తలంతురు. చరిత్రను పరిశీలించినచో సమాధానము వేఱుగా కనబడును.

వీథిని దాటువానికి సౌకర్యము కల్పింపవలెనను తలంపు మిక్కిలి ప్రాచీనమైనది. ఇటలీ దేశమున వెసూవియస్ అగ్నిపర్వతము చెంత పాంపేయి అను పట్టణముండెను. క్రీ. శ. 79లో ఆ పర్వతము బ్రద్దలై పట్టణమంతయు బూడిదలో మునిగిపోయినది. తరువాతి కాలమున ఆ బూడిదను త్రవ్వి తీయగా నాటి వీథులు చెక్కుచెదరక బయల్పడినవి. అచ్చట బాటకు రెండు ప్రక్కల ఎత్తైన కాలిదారులు కలవు. కూడళ్లయందు, ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు, కాలిదారి యెత్తుననే పెద్ద పెద్ద బండలు వరుసగా నాటబడియున్నవి. వీథిలో మురుగునీరు పాఱుచున్నను నడచువాడు పాదములు తడియకుండ ఆ బండలమీద అడుగులు వేయుచు దాటిపోవచ్చును. బండ్ల చక్రములు పోవుటకు బండల నడుమ ఎడము విడిచిరి. నడచువానికిని దారి కలదు. బండికిని దారి కలదు. అయితే ఆ బండలను సమీపించినపుడు బండివాడే తన వేగమును తగ్గించి, చక్రములను సరిచూచుకొనవలసియుండెను.

దాదాపు పదునెనిమిది శతాబ్దములు గడచిన పిమ్మట లండను నగరమున మఱియొక ప్రయత్నము జరిగినది. అప్పటికింకను మోటారు వాహనములు లేవు. గుఱ్ఱపుబండ్ల రద్దీచే పార్లమెంటు భవనము చెంతనున్న వీథిని దాటుట కష్టముగా నుండెను. రైల్వే సంస్థలో ఉన్నతోద్యోగియగు జాన్ పీక్ నైట్ అను నతడు రైళ్లను నిలుపు కైకాటి వంటి దానినే వీథిలో నిలుప వచ్చునని సూచించెను. 1868 డిసెంబరు 10వ తేదీన అట్టి స్తంభమొకటి అచ్చట నిలువబడినది. పగటివేళ దాని చేతులు చాచుటచేతను, రాత్రివేళ ఎఱ్ఱని, పచ్చని గ్యాసుదీపములచేతను అది ఆజ్ఞ లిచ్చుచుండెను. ఒక పోలీసు జవాను దానిని త్రిప్పుచుండెను. ఆ చేతులు అడ్డముగా చాచబడినచో బండ్లు నిలిచిపోవలెను. అప్పుడు నడచువారు దాటిపోవుదురు. చేతులు వాల్చబడినచో బండ్లవారు నడచువారి క్షేమమును గమనించుచు మెల్లగా పోవలెను. ప్రపంచమున వీథిలో వెలసిన తొలి సిగ్నలు ఇదియే. ఇది బండ్లను త్వరగా పంపుటకై పుట్టినది కాదు. నడచువారికొఱకు బండ్లను ఆపుటకై పుట్టినది. దురదృష్టవశమున 1869 జనవరిలో గ్యాసు కారి ఆ దీపము ప్రేలిపోయి, దానిని నడపుచున్న జవాను గాయపడెను. ఆ ఏర్పాటు అంతటితో ఆగిపోయినది.

ఇరువదవ శతాబ్దమున మోటారు కార్లు వచ్చినవి. వానితోపాటు వీథి స్వభావమే మాఱిపోయినది. అంతవఱకు పిల్లలు ఆడుకొనుటకును, అమ్మకపువాండ్రు తిరుగుటకును, ఇరుగుపొరుగులు నిలిచి మాటలాడుకొనుటకును చోటైన వీథి వాహనములు వేగముగా పోవు మార్గముగా మాఱినది. 1914 ఆగస్టు 5వ తేదీన అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున విద్యుద్దీపములతో పనిచేయు సిగ్నలు ఏర్పాటయినది. క్రమక్రమముగా అట్టి దీపములు ప్రపంచమంతట వ్యాపించినవి. ఎదురెదురుగా వచ్చు వాహనములు ఢీకొనకుండ చూచుటయు, అవి నిలువక సాగునట్లు చేయుటయు వాని ముఖ్యమైన పని యయ్యెను. ఇటువారు ఆగిన వెంటనే అటువారు బయలుదేరుదురు. ఈ రెంటి నడుమ నడచువాడు ఎప్పుడు దాటవలెను? ఆ దీపములలో పెక్కింటికి ఈ ప్రశ్నకు సమాధానము లేకుండెను.

ఈ లోపమును గుర్తించిన వారిలో గారెట్ మోర్గన్ యొకడు. అతడు ఆ క్లీవ్‌లాండు నగరముననే నివసించిన నల్లజాతీయుడు. బానిసత్వమున మ్రగ్గిన కుటుంబమున జనించి స్వయంకృషిచే పైకివచ్చినవాడు. 1923 నవంబరులో అతడు ఒక క్రొత్త సిగ్నలునకు పేటెంటు పొందెను. దానియందు 'ఆగుము', 'పొమ్ము' అను రెండు స్థితులే కాక మూడవ స్థితి యొకటి కలదు. ఆ స్థితిలో అన్ని దిక్కుల వాహనములు ఒక్కమారుగా నిలిచిపోవును. అప్పుడు నడచువారు నిర్భయముగా దాటవచ్చును. నేడు జపాను రాజధానియగు టోక్యోలో షిబుయా అను కూడలియందు ఇట్టి పద్ధతి గొప్పగా అమలు జరుగుచున్నది. అచ్చట నిర్ణీతమైన వేళకు అన్ని వైపుల వాహనములు ఆగును; జనులు నేరుగానే కాక మూలలనుండి మూలలకును నడచిపోవుదురు. ఆ కొద్దిసేపు కూడలియంతయు పాదచారులదే.

ఇతర దేశములందును ఈ దిశగా ఆలోచనలు సాగినవి. బ్రిటనులో 1951లో నలుపు తెలుపు చారల దారులు ఏర్పాటు చేయబడినవి. అవి జీబ్రా యను జంతువు మేని చారలను పోలియుండుటచే వానికి జీబ్రా దారులని పేరు వచ్చినది. ఆ చారలమీద పాదచారి అడుగిడినచో వాహనము ఆగి తీరవలెనని చట్టము శాసించినది. 1961లో తూర్పు బెర్లినులో కార్ల్ పెగ్లావ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు నడచువారికై ప్రత్యేకమైన దీపపు బొమ్మలను రూపొందించెను. టోపీ ధరించిన చిన్న మనిషి ఎఱ్ఱదీపమున చేతులు రెండును చాచి నిలిచియుండును. పచ్చదీపమున చుఱుకుగా అడుగు వేయుచుండును. చదువురాని పసివారికిని, చూపు మందగించిన వృద్ధులకును ఆ బొమ్మ సులభముగా తెలియునని అతని యూహ. 1990లో జర్మనీ ఏకమైన తరువాత ఆ బొమ్మలను తొలగింప తలపెట్టగా ప్రజలు అంగీకరింపలేదు. అవి నేటికిని బెర్లిను వీథులలో వెలుగుచున్నవి. నడచువాని ముఖముతో మాటలాడు దీపమును ప్రజలు ఎంతగా అభిమానింతురో ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

ఇంతవఱకు దీపమును గూర్చి తెలిసికొంటిమి. ఇక ఆ దీపము ఎంతసేపు వెలుగవలెనను ప్రశ్న యున్నది. అసలు విషయము ఇచ్చటనే కలదు. సిగ్నలు స్తంభమున నున్నది కేవలము దీపము కాదు. అది కాలమును పంచియిచ్చు యంత్రము. ఈ రోడ్డున కిన్ని సెకనులు, ఆ రోడ్డున కిన్ని సెకనులు, నడచువాని కిన్ని సెకనులు అని అది వంతులు వేయును. నడచువాని వంతు నిర్ణయించుటకు ఇంజనీర్లు మనుష్యుని నడక వేగమును లెక్కలోనికి తీసికొందురు. పెక్కు దేశములలో ఈ వేగమును సెకనునకు 1.2 మీటర్లుగా గ్రహించిరి. అనగా 15 మీటర్ల వెడల్పుగల రోడ్డును దాటుటకు పన్నెండున్నర సెకనులు చాలునన్నమాట. మీవంటి బాలబాలికలకు ఇది సులభమే.

అయితే అందఱును ఆ వేగముతో నడువగలరా? ఇంగ్లండులో 65 సంవత్సరములు దాటినవారి నడకను కొలిచి, 2012లో ఆ ఫలితములను ప్రకటించిరి. పురుషుల సగటు వేగము సెకనునకు 0.9 మీటరు, స్త్రీల సగటు వేగము 0.8 మీటరు మాత్రమే యని తేలినది. ఇప్పుడు మీరే లెక్కవేయుడు. సెకనునకు 0.8 మీటరు నడచు అవ్వ 15 మీటర్లు దాటుటకు దాదాపు 19 సెకనులు పట్టును. దీపము ఆరిపోవుటకు ముందు మిణుకుమను కాలమునుగూడ కలుపుకొని ఆమెకు లభించినవి పన్నెండున్నర సెకనులే యైనచో, ఆ గడువు ముగియునాటికి ఆమె పది మీటర్లు మాత్రమే నడచియుండును. ఇంకను అయిదు మీటర్లు మిగిలియుండగనే వాహనములు కదలును. ఆ అవ్వ నియమమును తప్పలేదు. పచ్చదీపము చూచియే బయలుదేరినది, చారలమీదనే నడచినది. అయినను రోడ్డు నడుమ చిక్కుకొన్నది. తప్పు ఆమె కాళ్లది కాదు; లెక్కలో ఆమెను చేర్చుకొననివారిది.

లెక్క మనుష్యులు వేసినదే కావున దానిని మార్చుటయు మనుష్యుల చేతనే యున్నది. అమెరికాలో ఇట్టి వేగమును సెకనునకు 4 అడుగులుగా లెక్కించెడివారు; 2009లో దానిని 3.5 అడుగులకు తగ్గించిరి. దీనివలన నడచువారికి మఱికొంత వ్యవధి లభించినది. ఆ సంవత్సరముననే సింగపూరులో ఒక చక్కని పద్ధతి ప్రయోగింపబడినది. వృద్ధులును, వికలాంగులును తమ కార్డును సిగ్నలు స్తంభమునకు తాకించినచో రోడ్డు వెడల్పును బట్టి 3 మొదలు 13 సెకనుల వఱకు పచ్చదీపము అధికముగా వెలుగును. అంధుల విషయమున జపాను మార్గదర్శకమైనది. సెయిచీ మియాకే యను నతడు పాదములకును, చేతికఱ్ఱకును తగులునట్టి ఉబ్బెత్తు పలకలను కల్పించెను. 1967లో ఒకాయామా నగరమున అంధుల పాఠశాల సమీపమున వానిని మొదటిసారిగా పఱచిరి. నేడు మన హైదరాబాదు మెట్రో స్టేషనులలో కనబడు పసుపుపచ్చని గీతల పలకలును, చుక్కల పలకలును ఆ వంశమునకు చెందినవే.

అన్ని ఏర్పాట్లును ఇట్లు ఫలించినవని చెప్పుటకు వీలులేదు. కొన్ని చూచుటకు పాదచారి కొఱకే యున్నట్లుండును, కాని వానిచే అతనికి మేలు కలుగదు. న్యూయార్కు నగరమున దాటువారు నొక్కుటకై 3,250 మీటలు స్తంభములకు అమర్చబడియుండగా, వానిలో 2,500కు పైగా పనిచేయుటలేదని 2004లో బయటపడినది. కంప్యూటర్లు దీపములను నడపుట మొదలిడిన పిదప ఆ మీటలకు పని లేకపోయినది. జనులు మాత్రము వానిని నొక్కి, తమ మాట విని దీపము మాఱినదని సంతసించుచుండిరి.

మఱియొక యుదాహరణము రోడ్డుపై కట్టు కాలివంతెన. అతివేగముగా వాహనములు పోవు రహదారులపై అది యవసరమే. కాని ప్రతి కూడలికిని అదియే పరిష్కారమని తలచుట తగదు. వంతెన ఆఱు మీటర్ల యెత్తున నున్నదనుకొందము. ఒక్కొక్క మెట్టు పదునైదు సెంటీమీటర్లయినచో ఎక్కుటకు 40 మెట్లు, దిగుటకు 40 మెట్లు. పదునైదు మీటర్ల దూరమునకై మోకాళ్ల నొప్పిగల ముదుసలియు, బిడ్డను ఎత్తుకొన్న తల్లియు, తలపై బుట్టగల కూరగాయల మనిషియు ఎనుబది మెట్లు త్రొక్కవలెను. చక్రముల కుర్చీలో కూర్చున్నవానికి ఆ దారి బొత్తిగా మూసివేయబడినట్లే. లిఫ్టు ఉండి, అది ప్రతిదినము పనిచేయుచున్నప్పుడే అట్టి వంతెన అందఱిది కాగలదు.

ఇక మన దేశమునకు వత్తము. మన నగరములలోని అనేక కూడళ్లయందు ఎడమవైపునకు మరలు వాహనములకు ఎల్లవేళల దారి విడుతురు. నడచువానికి పచ్చదీపము వెలిగినప్పుడును ఆ వాహనములు అతని కడ్డముగా వచ్చుచునే యుండును. తెల్లచారలపైనే మోటారు సైకిళ్లు వచ్చి నిలుచుట మనము నిత్యము చూచుచున్నాము. కాలిబాటలపై అంగళ్లు, వాహనములు చోటు చేసికొనగా నడచువాడు రోడ్డుమీదికి దిగవలసివచ్చుచున్నది. ఫలిత మేమి? కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన లెక్కల ప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది పాదచారులు. అనగా దినమునకు సుమారు 90 మంది. ఇవి కేవలము అంకెలు కావు. ప్రతి యంకె వెనుకను ఎవరి రాకకొఱకో ఎదురుచూచిన యిల్లొకటి కలదు.

2025 మే నెలలో భారత సర్వోన్నత న్యాయస్థానము ఈ విషయమున గొప్ప మాట చెప్పినది. రాజ్యాంగములోని 21వ అధికరణము పౌరులకు ప్రసాదించిన జీవించు హక్కులో, నడచుటకు తగిన కాలిబాటను పొందు హక్కును ఇమిడియున్నదని ఆ న్యాయస్థానము ప్రకటించినది. వికలాంగులకును అనువుగానుండునట్లు కాలిబాటలను ఏర్పఱుపవలెనని ఆదేశించినది. కాబట్టి నడచువానికి దారి విడుచుట దయ కాదు. అది అతనికి చెల్లవలసిన బాకీ.

హక్కున్నచోట బాధ్యతయు నుండును. వాహనము తలచిన వెంటనే ఆగునది కాదు. గంటకు 48 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు, నడపువాడు ప్రమాదమును చూచి బ్రేకు వేసి ఆపునప్పటికి 23 మీటర్లు ముందునకు సాగునని బ్రిటనులో వాహనము నడపువారికి బోధింతురు. వానలో నేల తడిసియున్నచో ఇంకను ఎక్కువ. కావున సెల్‌ఫోను చూచుచు రోడ్డుమీదికి దిగుట, నిలిచియున్న బస్సు ముందునుండి పరుగెత్తుట, ఎఱ్ఱబొమ్మ వెలుగుచుండగా దాటుట ప్రాణాపాయకరములు. పచ్చబొమ్మ వెలిగినను ఇరుప్రక్కల చూచి, వాహనములు నిజముగా ఆగినవని తెలిసికొని కదలవలెను. వాహనము నడపువాని బాధ్యత ఇంతకంటె పెద్దది. ఏలనన, అతడు పొరపడినచో నష్టపోవువాడు తరచుగా ఎదుటివాడే. ఆగుగీటు వెనుకనే నిలుచుట, దాటుచున్నవాడు ఆవలి యంచు చేరువఱకు వేచియుండుట, హారను మ్రోగించి వృద్ధులను తొందరపెట్టకుండుట అతని ధర్మములు.

బాలలారా! ఈ విషయమున మీరును చేయదగిన పని యొకటి కలదు. మీ పాఠశాలకు సమీపముననున్న కూడలికి ఉపాధ్యాయునితో కలిసి వెళ్లుడు. పోలీసు జవాను సాయముతో రోడ్డు వెడల్పు ఎన్ని మీటర్లో తెలిసికొనుడు. కాలిబాటపై నిలిచి పచ్చబొమ్మ ఎన్ని సెకనులు వెలుగునో గడియారము చూచి వ్రాసికొనుడు. వెడల్పును సెకనులచే భాగించినచో, సకాలమున దాటుటకు మనిషి ఎంత వేగముగా నడువవలెనో తెలియును. ఆ వేగముతో మీ తాతగారు నడువగలరా? కాలు కుంటుచు బడికి వచ్చు మీ నేస్తము నడువగలడా? నడువలేరని తేలినచో ఆ లెక్కను వివరముగా వ్రాసి, అందఱును సంతకములు చేసి, పురపాలక సంఘమునకును పోలీసు అధికారులకును పంపుడు. ఎనిమిదవ తరగతి గణితముతో వేసిన ఆ లెక్కను కాదనుట ఎవరికిని సులభము కాదు.

అందఱికంటె మెల్లగా నడచువాడు తొందరపడక ఆవలి ప్రక్క చేరగలిగిననాడే ఆ దారి సరిగా వేయబడినదని చెప్పవలెను. అతనికి మఱి ఆఱేడు సెకనులు విడిచినందున బస్సులోని వారికిని, కారులోని వారికిని కలుగు ఆలస్యము ఆ ఆఱేడు సెకనులే. దిగి నడువవలసి వచ్చినప్పుడు ఆ సెకనులు వారికిని అక్కఱకు వచ్చును.